బోకాస్టెల్ సీసాలో మడ్డి, తోలు వాసన: అప్పుడే పారబోయకండి

2007 షాతో ద బోకాస్టెల్ అనే ఫ్రెంచ్ రెడ్ వైన్ మూత తీస్తే పశువులపాక, తోలు వాసన, అడుగున నల్లటి మడ్డి, పాడైపోయిందా అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, ఆ రెండూ ఈ వైన్‌లో మామూలే.

1909 నుంచి పెరాన్ కుటుంబం చేతిలో ఉన్న ఎస్టేట్ అది, దక్షిణ ఫ్రాన్స్‌లోని షాతోనఫ్ ద్యు పాప్ అనే వైన్ ప్రాంతంలో. అక్కడ చాలామంది గ్రెనాష్ ద్రాక్షనే ఎక్కువగా నమ్ముకుంటే వీళ్లు మూర్‌వెద్ర్ అనే ఇంకో ద్రాక్షకీ దాదాపు సమాన వాటా ఇస్తారు, ఆ తోలు వాసన చాలావరకు దాని చలవే, పాత సీసాల్లో బ్రెటనోమైసెస్ అనే ఈస్ట్ కూడా తోడవుతుంది. మడ్డి అంటారా, వయసు మీద రంగు, టానిన్లు (ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే వగరు పదార్థాలు) గడ్డకట్టి దిగినవే.

సీసాను కొన్ని గంటలు కదపకుండా నిలబెట్టండి. తర్వాత మెడ వెనకాల ఫోన్ టార్చ్ పెట్టుకుని, ఆపకుండా మెల్లగా గాజు జగ్గులోకి వంచండి, మడ్డి గీతలా మెడ దగ్గరికి రాగానే ఆపేయండి. అరగంట గాలి తగలనిస్తే వాసన కొంత సర్దుకోవచ్చు. గది వేడిగా ఉంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది.

తడిసిన అట్టపెట్టె వాసనో, వెనిగర్ ఘాటో వస్తే మాత్రం నిజంగానే పోయినట్టు, కొన్నచోట అడగండి.