ముందు చిన్నమ్మ సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మ రోజూ హన్మకొండ నుంచి బస్సులో పరకాల వైపు వెళ్లి ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పింది. నాన్న మా చిన్నతనంలోనే పోయారు. వచ్చే నెల అమ్మ సంవత్సరీకం. ఆమె పనిచేసిన బడిలో విగ్రహం పెట్టించాలని నా కోరిక. తమ్ముడు దండగ ఖర్చంటున్నాడు, అమ్మ పేరున ఉన్న ఇల్లు కూడా అమ్మేద్దామంటున్నాడు. మమ్మల్ని పెంచిన చిన్నమ్మ ఆ ఇంట్లోనే ఉంటోంది. వాణ్ని ఎలా ఒప్పించాలి?

జవాబు: విగ్రహం మాట వదిలేయండి. అది శిష్యులు తమంతట తాము తలపెడితే అందం. కన్నబిడ్డలు కొట్లాడుకుని పెట్టించేది కాదు.

చిన్నమ్మ గురించి ఒక్క వాక్యం రాసి దాటేశారు. పొద్దున్నే బస్సు అందుకోవలసిన టీచరమ్మ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరమ్మా? అమ్మ ఎన్నికల డ్యూటీకీ, జనాభా లెక్కలకూ వెళ్లిన రోజుల్లో మీకు జ్వరం వస్తే పక్కన కూర్చున్నదెవరు? సద్దుల నాడు తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేర్చిందెవరు? మీ అమ్మకు వచ్చిన మంచి పేరులో సగం చిన్నమ్మ కష్టమే. అంత చేసిన మనిషిని ఆ ఇంట్లో తల దాచుకున్న బంధువులా చూస్తే నేను సహించలేను.

ఇప్పుడు ఆమెకు ఏముంది? అమ్మ పింఛను అమ్మతోనే ఆగిపోయింది. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇల్లు మీ ఇద్దరిదే. పిల్లలు లేని వృద్ధులు బంధువులను పోషణ అడగవచ్చని 2007 చట్టం చెబుతుంది గానీ, వారి ఆస్తి అనుభవిస్తున్నవారినో, రేపు పొందబోయేవారినో మాత్రమే. ఏ ఆస్తీ లేని చిన్నమ్మ ఎవరిని అడుగుతుంది?

బతికినంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెదేనని అక్కాతమ్ముళ్లిద్దరూ రాసి రిజిస్టర్ చేయించండి. విగ్రహానికి అనుకున్న డబ్బు ఆమె పేరున బ్యాంకులో వేయండి. నెలనెలా వడ్డీ నేరుగా ఆమె ఖాతాలోనే పడాలి, ఖర్చుకు మిమ్మల్ని అడిగే అవసరం రాకూడదు.

తమ్ముడు కాదంటే బతిమాలకండి. మీ సంతకం లేకుండా మీ వాటాను అతను అమ్మలేడు. ఆ సంతకం పెట్టనని సంవత్సరీకానికి ముందే ఫోను చేసి చెప్పండి, బంధువులందరి ముందు పంచాయితీ కాకుండా.