మెయిల్స్ వస్తున్నాయి, వెళ్లడం లేదు!

ప్రశ్న: మాది నరసాపురం. లేసు అల్లికల వ్యాపారం. సొంత డొమైన్ మీద మెయిల్ ఐడీ ఉంది, ఆఫీసు కంప్యూటర్‌లో అవుట్‌లుక్ వాడుతున్నాం. పోయిన నెల పాత నెట్ కనెక్షన్ తీసేసి కొత్త ఫైబర్ పెట్టించుకున్నాం. ఆ రోజు నుంచి మాకు రావాల్సిన మెయిల్స్ అన్నీ వస్తున్నాయి, మేం పంపేవి మాత్రం అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతున్నాయి. నెట్ వాళ్లు మా లైన్ బాగానే ఉందంటారు. హోస్టింగ్ వాళ్లు మా సర్వర్ బాగానే ఉందంటారు. విదేశాల్లోని కొనుగోలుదారుకు శాంపిల్ ఫొటోలు, ధరలు పంపాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరూ మీకు అబద్ధం చెప్పలేదు. లైనూ బాగానే ఉంది, సర్వరూ బాగానే ఉంది. మీ అవుట్‌లుక్ మెయిల్ పంపడానికి 25వ నంబర్ పోర్ట్‌ను వాడుతూ ఉండాలి, కొత్త ఫైబర్ వాళ్లు ఆ పోర్ట్‌ను మూసేసి ఉండాలి. మీరు చెప్పిన లక్షణాలన్నీ దానికే సరిపోతున్నాయి. సెట్టింగ్స్‌లో ఆ 25ను 587గా గానీ 465గా గానీ మారిస్తే చాలు. కానీ మార్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది కింద చెబుతాను. దయచేసి అది చదివాకే సెట్టింగ్స్ జోలికి వెళ్లండి.

వచ్చేవి వస్తుంటే పోయేవి ఎందుకు ఆగుతాయన్నది చాలామందిని తికమక పెట్టే విషయం. ఇంటర్నెట్ లైన్ ఒకటే అయినా, అందులో ఒక్కో పనికి ఒక్కో నంబరున్న తలుపు ఉంటుంది. దాన్నే పోర్ట్ అంటాం. బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు 443 నుంచి వస్తాయి. మెయిల్స్ తెచ్చుకోవడానికి రెండు పద్ధతులున్నాయి, ఐమ్యాప్ అయితే 993, పాప్ అయితే 995. పంపడానికి దారి వేరు. అందుకే ఇన్‌బాక్స్ కళకళలాడుతూనే ఉంటుంది, అవుట్‌బాక్స్ మాత్రం కదలదు. అదే మెయిల్‌ను బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి పంపితే వెళ్లిపోతుంది, ఎందుకంటే అది పోయేది 443 నుంచి. ఈరోజే ధరలు పంపాల్సిన అవసరం ఉంటే ముందు అలా పంపేయండి, మిగతాది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇక ఆ 25నే ఎందుకు మూస్తారు? మెయిల్ పంపే పద్ధతికి జాన్ పోస్టెల్ 1982లో నియమాలు రాసేనాటికి ఇంటర్నెట్‌లో ఉన్నది కొద్దిమందే, అందరూ ఒకరినొకరు నమ్మేవాళ్లే. 25వ పోర్ట్ దగ్గరికి వచ్చి ఫలానా వారికి ఈ మెయిల్ అంటే సర్వర్ తీసుకునేది, ‘నువ్వెవరు’ అని అడిగేది కాదు. ఇప్పటికీ ఒక మెయిల్ సర్వర్ నుంచి ఇంకో మెయిల్ సర్వర్‌కు ఉత్తరాలు ఆ దారినే నడుస్తున్నాయి. వైరస్‌లు రాసేవాళ్లు ఈ సందును పట్టుకున్నారు. ఇళ్లలో, షాపుల్లో వైరస్ సోకిన కంప్యూటర్లు యజమానికి తెలియకుండానే ఆ పోర్ట్ నుంచి వేల కొద్దీ చెత్త మెయిల్స్ పంపించేవి.

మన డెల్టా వాళ్లకు దీని పర్యవసానం విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకే పంట కాలువ మీద ఎంతోమంది రైతులు. ఎవరో రాత్రిపూట రొయ్యల చెరువులోని ఉప్పునీళ్లు కాలువలోకి వదిలేస్తే దిగువ మళ్లన్నీ దెబ్బతింటాయి. ఎవరు వదిలారో తేలేదాకా ఆగరు, ముందు ఆ తూము మూసేస్తారు. నెట్‌లోనూ అంతే. ఒకే ఐపీ అడ్రస్‌ను, అంటే నెట్‌లో కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబర్‌ను, చాలామంది కస్టమర్లు పంచుకునే రోజులివి. ఒకరి కంప్యూటర్ స్పామ్ పంపితే ఆ అడ్రస్ మొత్తం బ్లాక్‌లిస్టులోకి ఎక్కుతుంది, ఏ పాపం తెలియని పక్కింటివాళ్ల మెయిల్స్ కూడా తిరిగొచ్చేస్తాయి. అందుకే ప్రపంచమంతటా చాలా నెట్ కంపెనీలు మామూలు కనెక్షన్లలో 25ను మూసి ఉంచుతున్నాయి.

మూయడం సరైన పనే అని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని కస్టమర్‌కు చెప్పకపోవడం మాత్రం సరికాదు. కనెక్షన్ ఇచ్చే రోజున ‘25 పనిచేయదండీ, 587 పెట్టుకోండి’ అని కాగితం మీద ఒక్క ముక్క రాసిస్తే ఎంతమందికి ఎన్ని రోజులు కలిసొస్తాయి! కస్టమర్ కేర్‌లో కూర్చున్న కుర్రాడికి కూడా ఆ ముక్క నేర్పరు, పాపం రూటర్ ఆపి వేయమనే చెబుతాడు. ఆర్డర్ల కోసం మెయిల్ మీద ఆధారపడ్డ చిన్న వ్యాపారికి ఇది చిన్న విషయం కాదు.

మరి మనలాంటివాళ్లు ఉత్తరం ఇచ్చే కౌంటర్ ఏది? 1998లో అందుకోసమే 587ను విడిగా కేటాయించారు. అక్కడ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పాకే మెయిల్ తీసుకుంటారు, అందుకే దాన్ని మూయాల్సిన అవసరం నెట్ కంపెనీలకు సాధారణంగా రాదు. 465ది కొంచెం వింత కథ. 1997లో ఇచ్చి, మరుసటి ఏడాదే రద్దు చేశారు. అయినా జనం వాడటం మానలేదు. చివరికి 2018లో అధికారికంగా దానికి మళ్లీ చోటిచ్చారు, పైగా మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్‌తో, అంటే దారిలో ఎవరూ చదవలేని రహస్య రూపంలో, నడుస్తుందని అదే మేలన్నారు. మీ హోస్టింగ్ వాళ్లు ఏది ఇస్తే అది పెట్టుకోండి, రెండూ మంచివే.

నా అంచనా సరైందో కాదో మీరే తేల్చుకోవచ్చు. విండోస్‌లో పవర్‌షెల్ తెరవండి. ఇంగ్లిష్‌లో టెస్ట్, హైఫన్, నెట్‌కనెక్షన్ అని కలిపి టైప్ చేసి, ఖాళీ వదిలి మీ అవుట్‌గోయింగ్ సర్వర్ పేరు, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్ పోర్ట్ అని, చివర 25 అని కొట్టి ఎంటర్ నొక్కండి. కాసేపు ఆలోచించి చివరి వరుసలో ‘టీసీపీ టెస్ట్ సక్సీడెడ్’ ఎదురుగా ఫాల్స్ అని చూపిస్తుంది. ఇప్పుడు 25 బదులు 587 పెట్టి మళ్లీ కొట్టండి. ట్రూ అని వస్తే రోగం దొరికినట్టే. రెండూ ఫాల్స్ అయితే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి ఇంకోసారి చూడండి. హాట్‌స్పాట్ మీద 587 పనిచేసి ఫైబర్ మీద పనిచేయకపోతే అప్పుడు నెట్ వాళ్లను నిలదీయొచ్చు, ఈ రెండు ఫలితాలూ ఫొటో తీసి పంపండి. రెండింటి మీదా పనిచేయకపోతే యాంటీవైరస్‌నో ఫైర్‌వాల్‌నో అనుమానించాలి, లేదా సర్వర్ పేరు తప్పు కొట్టి ఉంటారు.

సర్వర్ పేరు అన్నాను కాబట్టి ఇంకో మాట. అవుట్‌గోయింగ్ సర్వర్ దగ్గర మీ డొమైన్ పేరు కాకుండా పాత నెట్ కంపెనీ సర్వర్ పేరు ఉందేమో చూడండి. ఏళ్ల కిందట ఎవరో టెక్నీషియన్ అలా పెట్టి వెళ్లిపోయిన ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల లైన్‌లో ఉన్నంతకాలం అది పనిచేస్తుంది, లైన్ మారగానే మిమ్మల్ని పరాయివాళ్లుగా చూసి తిప్పికొడుతుంది. అలా ఉంటే పోర్ట్ ఒక్కటే మారిస్తే సరిపోదు, మీ హోస్టింగ్ వాళ్లు ఇచ్చిన సర్వర్ పేరు వేయాలి.

ఇప్పుడు ముందు చేయాలన్న పని. కిందటేడాది తణుకులో మా బావగారి రైస్ మిల్లు ఆఫీసులో ఇదే ఇబ్బంది వచ్చింది. నేను వెళ్లేసరికి స్క్రీన్ మీద అవుట్‌బాక్స్ పక్కన 43 అని కనిపిస్తోంది. అకౌంటెంట్ గారు రోజూ సెండ్ రిసీవ్ నొక్కి, పోలేదని చూసి, అదే కొటేషన్‌ను కొత్త మెయిల్‌గా మళ్లీ రాసి పంపుతూ వచ్చారు. నేను పోర్ట్ మార్చి ఓకే కొట్టాను. 43 కాస్తా 42, 41, 40 అయింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, వేలు పెట్టి ఒక్కో అంకే లెక్కపెట్టారు. సున్నా అయ్యేసరికి ఆ ముఖంలో వెలుగు చూడాలి. పావుగంటలో మొదటి ఫోన్ వచ్చింది. ఒకే వ్యాపారికి నాలుగు కొటేషన్లు, నాలుగింటిలో నాలుగు ధరలు. బస్తా ధర రోజూ మారుతుంది కదా! అన్నిటికంటే తక్కువ ధరకే బియ్యం పంపమని ఆయన కూర్చున్నారు. ఆ తప్పు నాదే, అవుట్‌బాక్స్ చూడకుండా తలుపు తీశాను.

కాబట్టి మీరు ముందుగా అవుట్‌లుక్‌లో సెండ్ రిసీవ్ ట్యాబ్‌లోకి వెళ్లి వర్క్ ఆఫ్‌లైన్ నొక్కండి. అవుట్‌బాక్స్ తెరిచి పాత ధరలున్నవి, రెండేసి సార్లు రాసినవి, వెబ్‌మెయిల్‌లో ఇప్పటికే పంపేసినవి తీసేయండి. అప్పుడు ఫైల్ మెనూలో అకౌంట్ సెట్టింగ్స్‌కు వెళ్లి మీ అకౌంట్ తెరవండి. పాత వెర్షన్లలో మోర్ సెట్టింగ్స్ అనే బటన్ ఉంటుంది, కొత్త వాటిలో సర్వర్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అవుట్‌గోయింగ్ సర్వర్‌కు ఆథెంటికేషన్ కావాలన్న చోట టిక్ పెట్టండి, ఇన్‌కమింగ్‌కు వాడే వివరాలే వాడమనండి. ఈ టిక్ మర్చిపోతే 587 తెరిచి ఉన్నా సర్వర్ మిమ్మల్ని లోపలికి రానివ్వదు. తర్వాత పోర్ట్ నంబర్. 587 వేస్తే పక్కన ఎన్‌క్రిప్షన్ దగ్గర స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465 వేస్తే ఎస్‌ఎస్‌ఎల్. ఈ జతలు తారుమారైతే మెయిల్ పోదు, సరిగ్గా మునుపటిలాగే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ‘పోర్ట్ మార్చినా పనిచేయలేదు’ అని వదిలేస్తారు. అన్నీ అయ్యాక వర్క్ ఆఫ్‌లైన్ తీసేసి, మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని చూడండి.

నెట్ కంపెనీ వాళ్లు ‘మా మెయిల్ సర్వర్ ద్వారా పంపుకోండి’ అంటే మర్యాదగా వద్దనండి. మీ డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ అనే రికార్డ్ ఒకటుంటుంది. అందులో లేని సర్వర్ నుంచి వెళ్తే మీ ధరల పట్టిక అవతలివారి స్పామ్ ఫోల్డర్‌లో పడే ప్రమాదం ఉంది. పంపామని మీరు, రాలేదని వాళ్లు.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. షెడ్డులో సీసీ కెమెరాల డీవీఆర్ ఉంది. ఎవరైనా వస్తే మెయిల్ రావాలని జీమెయిల్ వివరాలు పెట్టాను. టెస్ట్ నొక్కితే ఫెయిల్ అంటోంది. పాస్‌వర్డ్ సరైనదే.

జవాబు: చాలా డీవీఆర్‌లలో మెయిల్ పోర్ట్ 25 అనే ముందుగా రాసి ఉంటుంది. దాన్ని 465 చేసి ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకోండి, లేదా 587 చేసి టీఎల్‌ఎస్ ఎంచుకోండి. పాస్‌వర్డ్ సరైనదే అయినా గూగుల్ ఒప్పుకోదు. 2022 మే నెలాఖరు నుంచి ఇలాంటి పరికరాలకు మామూలు పాస్‌వర్డ్ పనిచేయడం లేదు. గూగుల్ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ తయారుచేసుకోండి. 16 అక్షరాలు ఇస్తుంది, మధ్యలో ఖాళీలు లేకుండా డీవీఆర్‌లో కొట్టండి. ఇందుకోసం విడిగా ఒక జీమెయిల్ ఐడీ పెట్టుకోవడం మంచిది, బ్యాంకు మెయిల్స్ వచ్చే ఐడీని చెరువు గట్టు మీది పెట్టెలో పెట్టకండి.

అప్పటికీ పోకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ (సర్వర్ పేరును బట్టి దాని ఐపీ అడ్రస్ వెతికిపెట్టేది) ఖాళీగా ఉందేమో చూడండి, 8.8.8.8 అని వేయండి. డీవీఆర్‌లో తేదీ కూడా చూడండి. కరెంటు పోయి వచ్చినప్పుడు లోపలి బ్యాటరీ అయిపోయిన డీవీఆర్‌లలో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ చెల్లదని కనెక్షన్ తెగిపోవచ్చు. డీవీఆర్ తెరిచే పాస్‌వర్డ్ ఇంకా పెట్టె కొన్నప్పటిదే అయితే ఇప్పుడే మార్చేయండి. అలాంటి కెమెరాలు, డీవీఆర్‌లు బయటివాళ్ల చేతుల్లో పడి స్పామ్ పంపే యంత్రాలుగా మారిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మీరు అడగలేదు గానీ, చెరువులు అన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఏరియేటర్లు ఆగితే తెలియడానికి మాత్రం ఈ మెయిల్‌ను నమ్ముకోకండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ కరెంటు పోతే, దాంతో పాటే రూటర్ కూడా ఆగిపోతుంది. మెయిల్ బయల్దేరే దారే ఉండదు. సిమ్ కార్డు, సొంత బ్యాటరీ ఉండి, కరెంటు పోగానే ఫోన్‌కు కాల్ చేసే అలారం పెట్టించుకోండి. పిల్ల మీద, మేత మీద అంత ఖర్చు పెట్టాక దీని దగ్గర వెనకాడొద్దు.

ప్రశ్న: అమలాపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నేర్చుకోవడానికి ఇంట్లోనే లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్‌తో మెయిల్ సర్వర్ పెట్టాను. బయటకు ఒక్క మెయిల్ కూడా పోవట్లేదు. 587 పెట్టినా అంతే.

జవాబు: మంచి పని మొదలుపెట్టావు. సర్వర్ నుంచి సర్వర్‌కు మెయిల్ వెళ్లాలంటే 25 తప్పదు. అవతలి సర్వర్ 587లో పాస్‌వర్డ్ అడుగుతుంది, అక్కడ నీకు అకౌంట్ లేదు. ఇంటి కనెక్షన్‌లో 25 తెరిపించుకున్నా లాభం తక్కువ. ఇళ్ల ఐపీ అడ్రస్‌ల నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ను పెద్ద మెయిల్ కంపెనీలు చాలావరకు తిరస్కరిస్తాయి. క్లౌడ్‌లో సర్వర్ తీసుకుందామనుకున్నా గూగుల్ క్లౌడ్, అమెజాన్ ఈసీ2 కూడా బయటకు వెళ్లే 25ను మొదటి నుంచే మూసి ఉంచుతాయి. నీ పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ అనే చోట అకౌంట్ ఉన్న ఏదైనా మెయిల్ సర్వీస్ సర్వర్ పేరు, 587 వేసి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వు. నీ సర్వర్ అన్ని మెయిల్స్‌నూ వాళ్లకు అప్పగిస్తుంది, వాళ్లు 25 మీద గమ్యానికి చేరుస్తారు. లాగ్ ఫైల్ తెరిచిపెట్టుకుని ఒక్కో మెయిల్ ఎక్కడ ఆగిందో, ఎక్కడ దాటిందో చదువు.

ప్రశ్న: రావులపాలెం నుంచి. ఫోన్‌లో మా కంపెనీ మెయిల్ ఇంట్లో వైఫై మీద పోదు, బయటకు వెళ్తే పోతుంది. వైఫై పాడైందా?

జవాబు: వైఫై పాడవలేదు. పై నరసాపురం వారి సమస్యే ఇది. మొబైల్ నెట్‌వర్క్ 25ను వదిలేస్తోంది, ఇంటి కనెక్షన్ ఆపేస్తోంది. ఫోన్ మెయిల్ యాప్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, అవుట్‌గోయింగ్ సర్వర్ కింద పోర్ట్ 587, సెక్యూరిటీ స్టార్ట్‌టీఎల్‌ఎస్ అని మార్చండి. రెండు చోట్లా పోతుంది. ఇంట్లో ఇంకెవరి ఫోన్‌లోనైనా అదే కంపెనీ మెయిల్ ఉంటే అందులోనూ మార్చాలి, ఒక ఫోన్‌లో మార్చితే రెండో ఫోన్‌కు అది దానంతటదే రాదు.