సైకాలజీ ల్యాబ్‌లో చేరబోతున్న అక్క కూతురికి

చిట్టితల్లీ,

సైకాలజీ ల్యాబ్‌లో వలంటీరుగా చేరాలనుందని, ప్రొఫెసర్‌కి మెయిల్ రాయడానికి మాత్రం భయపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. అమెరికాలో డిగ్రీ రెండో ఏడాది చదువుతుండగా నేనూ అలాగే భయపడుతూ ఒక ల్యాబ్ గడప తొక్కాను. తర్వాత ల్యాబ్ మేనేజర్‌నై నీ వయసు పిల్లల్ని చాలామందిని చేర్చుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు మెయిల్ సంగతి. సెమిస్టర్ మొదలవడానికి మూడు నాలుగు వారాల ముందే పంపు. "మీ పరిశోధన అంటే నాకు చాలా ఆసక్తి" అని అందరూ రాస్తారు. నువ్వు ఆ ప్రొఫెసర్ పేపర్ ఒకటి నిజంగా చదివి, అందులో నీకు అర్థంకాని ఒక్క విషయం అడుగు. వారంలో ఏ రోజు ఏ గంటలు ఖాళీగా ఉంటావో తప్పకుండా రాయి. నేనైతే ముందు అదే చూసేదాన్ని. జవాబు రాకపోతే పది రోజులాగి మళ్లీ పంపు, మొహమాటపడకు. చాలా ల్యాబుల్లో వారానికి ఎనిమిది పది గంటలు, కనీసం రెండు సెమిస్టర్లు ఉండమంటారు. జీతం ఉండదు కాబట్టి కోర్సు క్రెడిట్ ఇస్తారేమో ముందే అడిగేయ్.

చేరగానే, మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు పాటించాల్సిన నైతిక నియమాల గురించి ఆన్‌లైన్ ట్రైనింగ్ ఒకటి ఉంటుంది. అందరూ క్విజ్ అయిపోతే చాలని గబగబా నొక్కుకుంటూ పోతారు. నువ్వు అందులో టస్కీగీ అధ్యయనం దగ్గర ఆగి చదువు. 1932 నుంచి 1972 దాకా అలబామాలో సిఫిలిస్ ఉన్న వందలమంది నల్లజాతివాళ్లకు అసలు జబ్బేమిటో చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం ఇవ్వకుండా, అది ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అది బయటపడ్డాకే, పరిశోధనలో పాల్గొనేవాళ్లను కాపాడటానికి 1974లో చట్టం, ఆ పరిశోధనలకు నైతిక సూత్రాలు చెప్పే బెల్మాంట్ నివేదిక 1979లో వచ్చాయి. నువ్వు రోజూ పార్టిసిపెంట్ (ప్రయోగంలో పాల్గొనే మనిషి) ముందు పెట్టే కన్సెంట్ ఫారం, అంటే సమ్మతి పత్రం, వెనక టస్కీగీలోని ఆ మనుషులున్నారు. "ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు" అన్న మాట కాగితం చూస్తూ కాదు, వాళ్ల ముఖం చూసి చెప్పు.

పని మాత్రం విసుగ్గానే ఉంటుంది. కిటికీ లేని చిన్న గది, ఒక కంప్యూటరు. తెర మీద "ఎరుపు" అన్న మాట ఆకుపచ్చ రంగులో వస్తుంది, చూసేవాళ్లు మాట చదవకుండా అక్షరాల రంగు పేరు చెప్పాలి. 1935లో స్ట్రూప్ అనే అమెరికన్ సైకాలజిస్టు ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చిన పద్ధతే ఇది. మొదటి మనిషికి చదివిన స్క్రిప్టే ముప్ఫయ్యో మనిషికీ, అదే గొంతుతో చదవాలి. పాపం తడబడుతున్నాడని ఒకరిని "బాగా చేస్తున్నారు" అని నవ్వుతూ ప్రోత్సహిస్తే, ఆ నవ్వు కూడా ఫలితాల్లో కలిసిపోతుంది.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఒక సాయంత్రం హడావిడిలో ఇద్దరి ప్రశ్నపత్రాల మీదా 41 అనే నంబరే రాశాను. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. తీసేస్తారేమోనని టెన్షన్‌తో మూడు వారాలు నోరు విప్పలేదు. చివరికి ఆ ప్రయోగం నడిపే పీహెచ్‌డీ అక్కకే అనుమానమొచ్చి అడిగింది. అప్పటికి ఏ కాగితం ఎవరిదో నాకూ గుర్తులేదు. ఇద్దరి డేటా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆమె కేకలేయలేదు. "మర్నాడే చెప్పుంటే సరిచేసేవాళ్లం కదా" అంది, అంతే. నువ్వు తప్పు చేస్తే ఆ రోజే చెప్పు. తేదీ, టైముతో సహా లాగ్‌బుక్‌లో రాయి. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే గట్టి ఫలితం తిరిగి వచ్చింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. మన చేతిలో ఉన్నది మాత్రం నంబరు సరిగ్గా రాయడం.

వీడియోలు చూసి కోడింగ్ చేయమన్నప్పుడు, అంటే అందులో మనుషుల ప్రవర్తనకు మార్కులు వేయమన్నప్పుడు, పక్కవాళ్ల మార్కులు చూడకు. ఇద్దరూ విడివిడిగా చేస్తేనే ఎంతవరకు కలిశాయో లెక్క తేలేది.

ఇంకొకటి. తెలిసిన తెలుగు పిల్లలే పార్టిసిపెంట్లుగా రావచ్చు. డిప్రెషన్ ప్రశ్నలకు వాళ్లు ఏం రాశారో నీ కంటబడకూడదు. అందుకే తెలిసినవాళ్లు వస్తే వెంటనే పైవాళ్లకు చెప్పి, ఆ సెషన్ ఇంకొకరికి అప్పగించు. వాళ్లొచ్చారన్న సంగతి హాస్టల్లోనే కాదు, మీ అమ్మ దగ్గర కూడా అనకు.

మెయిల్ రాశాక పంపే ముందు ఒకసారి నాకు చూపించు. ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటాను.

మీ పిన్ని