లెక్కల పేపరు చూశాక చిన్నికి రాస్తున్న ఉత్తరం

చిన్నీ,

నీ ఎఫ్‌ఏ-1 (ఈ ఏడాది మొదటి చిన్న పరీక్ష) లెక్కల పేపరు ఫొటో మీ అమ్మ వాట్సాప్‌లో పెట్టింది. మార్కులు చూసి తను బాగా టెన్షన్ పడుతోంది, దాని సంగతి నేను చూసుకుంటాను. నేను మాత్రం మార్కులు పక్కన పెట్టి నువ్వు రాసిన లెక్కలే చూశాను. ఇన్నేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇవే పేపర్లు దిద్దినదాన్ని కదా, ఎర్ర సిరా కన్నా పిల్లల నీలం సిరాయే నాకు ఎక్కువ చెప్తుంది. నీకు బీజగణితం రాక కాదు. లెక్కలో సగం మనసులో చేసేసి మిగతా సగమే కాగితం మీద పెడుతున్నావు, తప్పులన్నీ కనబడని ఆ సగంలోనే జరుగుతున్నాయి.

మూడో ప్రశ్నే తీసుకో. 3(ఎక్స్ – 4) – 2(ఎక్స్ – 5) = 7 అని ఇచ్చారు. నువ్వు రెండో లైనులోనే ఎక్స్ – 22 = 7 అనేసి, ఎక్స్ = 29 అని కింద రెండు గీతలు కూడా గీసేశావు. బ్రాకెట్లు విప్పిన లైను ఒక్కటి రాసి ఉంటే నీకే కనబడేది. బయటున్న మైనస్ 2 లోపలి రెండు పదాలనీ గుణించాలి, మైనస్ 5ని గుణిస్తే ప్లస్ 10 రావాలి, నువ్వేమో మైనస్ 10 వేశావు. క్రీ.శ. 628లోనే గణితవేత్త బ్రహ్మగుప్తుడు ఈ గుర్తుల నియమాలని ఆస్తి, అప్పు లెక్కలో చెప్పిపెట్టాడు: నీ అప్పు ఎవరైనా మాఫీ చేస్తే నీ ఆస్తి పెరిగినట్టే. అక్కడ గుర్తు సరిచేస్తే ఎక్స్ – 2 = 7, జవాబు 9.

ఇంకో మాట, నీకు 29 వచ్చాక దాన్ని తీసుకెళ్లి మొదటి లైనులో పెట్టి చూశావా? మూడు ఇరవై అయిదులు 75, రెండు ఇరవై నాలుగులు 48, తీసేస్తే 27. రావాల్సింది 7. అర నిమిషంలో తేలిపోయే పని. లెక్కల్లో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే, నీ జవాబు తప్పో ఒప్పో చెప్పడానికి టీచరు కూడా అక్కర్లేదు. ఇంత సౌకర్యం ఉన్నా వాడుకునే పిల్లలు ఎంత తక్కువో చూసి ఎప్పుడూ ఆశ్చర్యపోతుంటాను.

ఇక ఆ "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అనే పాట. మా తోటి టీచర్లు కూడా అలాగే చెప్తారు, తొందరగా పని జరుగుతుందని. నాకు మాత్రం అది మొదట్నుంచీ నచ్చదు. దాన్నే పట్టుకున్న పిల్లలు 2ఎక్స్ = 10 కనబడగానే రెండుని అటు పంపించి ఎక్స్ = 10 – 2 అని రాస్తారు, నీ పేపర్లో అయిదో ప్రశ్న చూడు, నువ్వూ అదే చేశావు. ఏదీ ఎక్కడికీ వెళ్లదమ్మా. సమానం గుర్తుకి రెండు వైపులా నువ్వు ఒకే పని చేస్తున్నావు, అంతే. రెండు వైపులా 2తో భాగించావు, కాబట్టి ఎక్స్ = 5. కొన్నాళ్లు ప్రతి లైను పక్కన పెన్సిల్‌తో "రెండు వైపులా 5 కలిపాను", "రెండు వైపులా 3తో భాగించాను" అని రాసుకో. పక్కన కూర్చున్న పిల్లలు నవ్వితే నవ్వనీ.

(ఎ + బి)² ని ఎ² + బి² అని రాసేవాళ్లు పదో తరగతిలోనూ ఉంటారు. సర్వసమీకరణాలు బట్టీ పట్టాక కూడా అదే రాస్తారు. అనుమానం వస్తే అంకెలు పెట్టి చూడు: 3, 4 కలిపితే 7, దాని వర్గం 49. విడివిడిగా వర్గాలు చేసి కలిపితే 9, 16, మొత్తం 25. తగ్గిన 24 ఎక్కడిదంటే రెండు ఇంటూ మూడు ఇంటూ నాలుగు, అదే 2ఎబి. పరీక్ష హాల్లో సూత్రం మర్చిపోయినా ఈ దారిలో వెనక్కి తెచ్చుకోవచ్చు.

రాత లెక్కలంటే భయమన్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు ఇంగ్లీషు మీడియంలోకి మారినదానివి, కాబట్టి సగం భయం లెక్కది కాదు, భాషది. మీ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, ముందు తెలుగు వైపు చదివి సంగతేమిటో అర్థం చేసుకుని తర్వాత ఇంగ్లీషు వైపు చేస్తే తప్పేం లేదు. తర్వాత, ఎక్స్ అంటే ఏమిటో మొదటి లైనులో పూర్తిగా రాయి. తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు, పన్నెండేళ్ల తర్వాత రెండు రెట్లు అవుతుంది అన్నాడనుకో. "ఎక్స్ = కొడుకు" అని రాస్తే సరిపోదు, "ఎక్స్ = కొడుకు ఇప్పటి వయసు" అని రాయాలి. ఆ "ఇప్పటి" లేకపోవడం వల్లే చాలామంది తండ్రికి పన్నెండు కలిపి కొడుక్కి కలపడం మర్చిపోతారు. 3ఎక్స్ + 12 = 2(ఎక్స్ + 12) అని పడితే కొడుక్కి 12, తండ్రికి 36, ఇక మిగిలింది కూడికలే.

క్లాసులో టీచరు నీ నుంచి ఆశించేది వేగం అనుకుంటున్నావు, ఎందుకంటే ముందు బెంచీలో ఎవరో ఒకరు టక్కున జవాబు చెప్పేస్తుంటారు. చెప్పనీ. పదో తరగతి పబ్లిక్ పేపర్లు దిద్దడానికి స్పాట్‌కి వెళ్లినప్పుడు మా చేతిలో ఏ స్టెప్పుకి ఎంత అని పట్టీ పెడతారు, దాని ప్రకారం వెయ్యాలి. చివర్లో కూడిక తప్పి జవాబు పోయినా పైన పద్ధతి సరిగ్గా ఉంటే మేం మార్కులు ఇచ్చుకుంటూ వస్తాం. ఒట్టి జవాబు రాసి ఊరుకున్నవాడికి ఇద్దామన్నా ఇవ్వడానికి అక్కడ ఏమీ ఉండదు. తప్పు వస్తే ఒక్క అడ్డగీత కొట్టి కింద మళ్లీ రాయి, తెల్ల ఇంకు పూసి చెరపకు. ఎక్కడ తప్పావో రేపు నీకే కావాలి.

గైడు కొనొద్దని నేను చెప్పను, చెప్పినా కొంటావు. లెక్క నువ్వు చేశాక తెరువు, ముందు కాదు. గైడులో చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది, మూసేసి తెల్లకాగితం ముందు కూర్చుంటేనే అసలు సంగతి బయటపడుతుంది. ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్పిద్దామా అని మీ నాన్న అడిగారు, ఇప్పుడొద్దన్నాను. నీకు ముందు కావాల్సింది ఆరు, ఏడు తరగతుల భిన్నాలు. 2/3 నుంచి 1/4 తియ్యమంటే నువ్వు ఆగుతున్నావు, సమీకరణంలో అవే భిన్నాలు వచ్చేసరికి బీజగణితం కష్టమని దాని మీద పెట్టేస్తున్నావు. ఆ పాత పుస్తకం తెచ్చుకోవడానికి సిగ్గుపడకు.

రోజూ అరగంట చాలు, కానీ రోజూ. ఆదివారం మూడు గంటలు కూర్చుంటానంటే కుదరదు, బుధవారానికి మర్చిపోతావు. దసరా సెలవులదాకా మార్కుల్లో పెద్ద తేడా రాకపోవచ్చు, అది ముందే తెలుసుకుని ఉండు, లేకపోతే ఎస్‌ఏ-1లో (అర్ధ సంవత్సర పరీక్షలో) నాలుగు మార్కులే పెరిగాయని ఏడుస్తావు. వచ్చే ఏడాది రేఖీయ సమీకరణాల జత, వర్గ సమీకరణాలు, శ్రేఢులు అన్నీ ఇప్పుడు నువ్వు చేసే ఈ గుర్తులూ బ్రాకెట్ల మీదే నిలబడతాయి.

కారణాంక విభజనలో మధ్యపదం విడగొట్టడం దగ్గర ఆగిపోయావట. ఆదివారం పొద్దున్న వీడియో కాల్ చెయ్యి. ఎక్స్² – ఎక్స్ – 12 నీకు నువ్వుగా ఎంతవరకు వస్తే అంతవరకు చేసి ఉంచు, ఎక్కడ ఆగావో ఆ లైను దగ్గర చుక్క పెట్టు, అక్కణ్నుంచి చూద్దాం. మీ అమ్మని పక్కన కూర్చోవద్దని చెప్పు.

మీ పెద్దమ్మ