కబాబ్ తినొచ్చు.. పక్కనున్న ఉల్లిపాయ ముక్కలే వద్దు!

ప్రశ్న: మా వారికి 58 ఏళ్లు. పదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. టెల్మిసార్టాన్–హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బిళ్ల, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. డిసెంబరులో సికింద్రాబాద్ నుంచి రైల్లో కాశీ, అక్కడి నుంచి లక్నో, ఢిల్లీ, అమృత్‌సర్ వెళ్తున్నాం. ఊరు చూడ్డమంటే ఆ ఊరి తిండి తినడమే అంటారాయన. కానీ ఉత్తరాదికి ఎప్పుడు వెళ్లినా మూడో రోజుకల్లా విరేచనాలు పట్టుకుంటాయి. టూర్లలో గ్యాస్ రాకుండా రోజూ పరగడుపున పాంటాప్రజోల్ వేసుకుంటారు. ఈసారి ముందుగానే నార్‌ఫ్లాక్సాసిన్–టినిడజోల్ కోర్సు వాడి వెళ్తే మంచిదని మందుల షాపులో చెప్పారు. వాడొచ్చా? ఆయన ఏమేం తినొచ్చు?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు ఆ కోర్సు సంగతి. వద్దు. జబ్బు రాకముందే యాంటీబయాటిక్ వేస్తే పేగుల్లో మనకు మేలు చేసే బ్యాక్టీరియా పోతుంది, మందులకు లొంగని రకాలు ఆ చోట్లో పాగా వేస్తాయి. నార్‌ఫ్లాక్సాసిన్ తరగతి మందులకు మన దేశంలో విరేచనాల క్రిములు చాలావరకు లొంగడమే మానేశాయి. ఈ మందులు షుగరు ఉన్నవాళ్లలో గ్లూకోజ్‌ను ఉన్నట్టుండి పడేయగలవు, పెంచనూగలవు. టినిడజోల్‌తో కొందరికి నోరంతా ఇనుము రుచి వస్తుంది. అంత దూరం వెళ్లి కచోరీ తిన్నా అదే రుచి!

రెండోది, మీరు మామూలు విషయంలా రాసిన పాంటాప్రజోల్. నాకు ఎక్కువ అనుమానం దాని మీదే. తిండితో లోపలికి వెళ్లే క్రిముల్లో చాలావాటిని కడుపులోని ఆమ్లమే చంపుతుంది. గ్యాస్ బిళ్ల ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. బయటి తిండి తినే రోజుల్లోనే పనిగట్టుకుని కాపలాదారుణ్ని సెలవు మీద పంపినట్టన్నమాట. ముందుజాగ్రత్తగా మాత్రమే వేసుకుంటుంటే ఈసారి మానేయండి. మరీ మంటగా ఉన్న పూట యాంటాసిడ్ సిరప్ చాలు. అయితే అల్సర్ ఉన్నా, గుండె కోసం ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతున్నా డాక్టరు రాసిన గ్యాస్ బిళ్లను సొంతంగా ఆపకూడదు.

ఇక మూడో రోజు లెక్క. విరేచనాలు మొదలవగానే అందరం అప్పుడే తిన్న చాట్‌ను తిట్టుకుంటాం. నిజానికి తిన్న 1–6 గంటల్లో వాంతులతో మొదలైతే అది నిల్వ తిండిలో పుట్టిన విషం పని. ఒక రోజులో తగ్గిపోతుంది. ఈకోలై, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి క్రిములకు ఒకటి నుంచి మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే మూడో రోజు జబ్బుకు బీజం మొదటి రోజో రెండో రోజో పడి ఉండొచ్చు. ఆ రోజుల్లో మీరు ఎక్కువగా రైల్లోనే ఉంటారు కదా. కాశీ ఘాట్‌ను అనుమానించే ముందు టిఫిన్ క్యారియర్‌ను చూడండి.

పులిహోర వేడివేడిగా డబ్బాలో కుక్కి మూత పెడితే లోపల ఆవిరి నీరై, గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు పెరుగుతాయి. అన్నంలో ఉండే బ్యాసిలస్ సీరియస్ అనే క్రిమి విడిచే విషం మళ్లీ మరిగించినా చావదు. ‘వేడి చేస్తే సరిపోతుంది’ అనే మాట అన్నం దగ్గర చెల్లదు. అన్నాన్ని పళ్లెంలో పలచగా ఆరబోసి, పూర్తిగా చల్లారాక పొడి డబ్బాలో సర్దండి. చింతపండు పులుపు కొంత కాపాడుతుంది కాబట్టి పులిహోర ఆ సాయంత్రం దాకా ఫర్వాలేదు. దద్దోజనం మధ్యాహ్నంతో సరి. రెండో రోజుకి జంతికలు, వేయించిన అటుకులు, వేరుశనగలు, తొక్క తీసి తినే అరటి, కమలా పెట్టుకోండి. ఇంటి నుంచి చికెన్ ఫ్రై పట్టుకెళ్లే అలవాటు ఉంటే ఈసారికి మానండి.

ఊళ్లలో ఏం తినాలంటే వంటకం పేరు చూడొద్దు. అది మంట మీది నుంచి దిగి ఎంతసేపయింది, దిగాక ఏం తాకింది, ఈ రెండే చూడండి.

కాశీలో పొద్దున్నే కచోరీ–కూర. నూనెలో పొంగుతున్న కచోరీ, పొయ్యి మీద ఉడుకుతున్న కూర, ఆకు దొన్నె. ఇంతకంటే భద్రమైన వీధి తిండి దొరకడం కష్టం. స్టీలు పళ్లెంలో ఇస్తే దాన్ని ఎక్కడ కడుగుతున్నారో చూడండి. ఒకే బకెట్‌లో ముంచి తీసి, తడి ఆరకుండానే మీ చేతికిస్తే ఆ తడే ప్రమాదం. దొన్నె అడగండి. టమాటర్ చాట్ పెనం మీద మీ కళ్లముందే నలిపి నెయ్యితో వేడిగా ఇస్తారు, తినొచ్చు. జిలేబీ మాత్రం ఇద్దరికీ కలిపి ఒక చిన్న ప్లేటు చాలు, అదీ కచోరీ తిన్నాకే, పరగడుపున కాదు.

మీరు వెళ్తున్నది డిసెంబరు కాబట్టి మలయ్యో తప్పక కనిపిస్తుంది. మరిగించిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి తీసిన నురగకు కుంకుమపువ్వు, చక్కెర కలుపుతారు. లక్నోలో దీన్నే నిమిష్, మక్ఖన్ మలాయ్ అంటారు. ఢిల్లీలో దౌలత్ కీ చాట్. పాలు మరిగించాక మళ్లీ పొయ్యి ఎక్కవు గనుక దీన్ని పూర్తిగా భద్రం అనలేను. చలి రాత్రి క్రిముల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది కాబట్టి తెల్లవారాక త్వరగా తింటే ప్రమాదం తక్కువే. నురగ నిటారుగా నిలబడి ఉంటే ఒక చిన్న మట్టి కప్పు తీసుకోండి. అందులో ఎక్కువ భాగం గాలే కాబట్టి షుగరుకీ పెద్ద ఇబ్బంది ఉండదు. ఎండెక్కి, నురగ కుంగి అడుగున పాలు చేరితే ముట్టుకోవద్దు.

లస్సీలో పెరుగు పులుపు వల్ల దానికది మంచిదే, తంటా ఐస్‌తో. కలపడానికి ముందే ‘బినా బరఫ్’ (ఐస్ వద్దు) అని చెప్పండి. ఒకసారి తాగి పగలగొట్టే కుల్హడ్ (మట్టి కప్పు) గాజు గ్లాసు కంటే నయం. ఠండాయి అనే పాల పానీయం తాగేటప్పుడు భాంగ్ (గంజాయి ఆకు ముద్ద) లేనిదేనా అని రెండుసార్లు అడగండి. కాశీలో భాంగ్‌కు ప్రభుత్వ లైసెన్సు దుకాణాలే ఉన్నాయి, తెలియక తాగడం తేలిక. అది పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదే అని రెండో గ్లాసు తాగేది ఆ మధ్యలోనే. బీపీ మందులు వాడేవారికి గుండె దడ, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడం జరగొచ్చు.

లక్నో గలౌటీ కబాబ్ గురించి మాంసాహారులు భయపడనక్కర్లేదు. పచ్చి బొప్పాయితో మెత్తబరిచిన కీమాను పలచగా తట్టి, పెనం మీద రెండు వైపులా కాలుస్తారు. పలచన కాబట్టి మధ్యదాకా కాలుతుంది. విరేచనాలు తెచ్చేది ఆ కబాబ్ కాదు, పక్కన పెట్టే పచ్చి ఉల్లిపాయ చక్రాలు, పుదీనా చట్నీ. వాటిని కోసిన కత్తి, కడిగిన నీళ్లు, రుబ్బాక బయటున్న గంటలు మనకు కనపడవు. నిహారీ అనే మాంసం కూరను పొద్దున్నే, గిన్నె ఇంకా మంట మీద ఉన్నప్పుడు తినండి. పెద్ద డేగిశాలో వండిన మాంసం నెమ్మదిగా చల్లారేటప్పుడు క్లాస్ట్రిడియం అనే క్రిమి పెరుగుతుంది. మరగబెట్టినా చావని విత్తన రూపంలో అడుగున దాక్కుని ఉంటుందది. మధ్యాహ్నం మిగిలిన కూరతో రాత్రి వడ్డించే చోట చిక్కు అదే. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు మాత్రం ఈ నెయ్యి వంటలన్నీ రెండు ముద్దలతో ఆపాలి.

ఢిల్లీలో పరాఠాలు తినొచ్చు, పానీపూరీ వద్దు. పూరీ, ఉడికిన శనగలు కాదు సమస్య. చేయి మునిగే నీళ్లు, అందులో ఐస్. చింతపండు పులుపు ఆ నీటిని శుద్ధి చేయదు. అమృత్‌సర్‌లో తందూరు నుంచి తీసిన కుల్చా, వేడి ఛోలే, స్వర్ణ దేవాలయం లంగర్‌లో (ఉచిత భోజనశాలలో) రోటీ, పప్పు నిశ్చింతగా తినండి.

ఇక చాలామంది ఆదమరిచే చోటు హోటల్ బఫే. గోరువెచ్చటి ట్రేలో రెండు గంటలుగా ఉన్న ఉప్మా, కొబ్బరి చట్నీ, కోసి పెట్టిన పుచ్చకాయ... వీటికంటే గేటు బయట బండి మీద అప్పుడే వేసిన ఆమ్లెట్ మేలు. నక్షత్రాల హోటల్ అయినా ఇదే మాట.

నీళ్లకు సీలు తెగని బాటిలే, పళ్లు తోముకోవడానికి కూడా. తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా విరేచనాలు పట్టుకోవచ్చు. అప్పుడు మీ వారి విషయంలో నన్ను భయపెట్టేది విరేచనాల కంటే ఆయన రోజూ వేసుకునే బిళ్లలు. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో బీపీ బిళ్లలోని టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తాయి. కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ బయటకు పోలేక రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ మూత్రంలో ఇంకా నీటిని పంపేస్తుంది. పైగా తిండి లేనప్పుడు షుగరు 200 లోపే చూపిస్తున్నా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం దాని గుర్తులు. అందుకే విరేచనాలు, వాంతులు గట్టిగా ఉన్న రోజుల్లో ఈ మందులను తాత్కాలికంగా ఆపి, మామూలుగా తిని తాగడం మొదలైన 24–48 గంటల తర్వాత తిరిగి వేసుకోమని డాక్టర్లు చెబుతారు. మీ వారికి ఏవి ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన్ను చూసే డాక్టరు చేత ప్రయాణానికి ముందే చీటీ మీద రాయించుకోండి. గుండె బలహీనత ఉంటే ఈ నిర్ణయం మారుతుంది. ఇన్సులిన్ వాడే పాఠకులు దాన్ని పూర్తిగా ఎప్పుడూ ఆపకూడదు. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు తినకుండా వేసుకుంటే షుగరు పడిపోతుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ నొప్పి బిళ్లలు ఆ రోజుల్లో ఎవరికీ వద్దు. జ్వరానికి పారాసెటమాల్ చాలు. గ్లూకోమీటర్ వెంట ఉండాలి.

తాగాల్సింది ఓఆర్‌ఎస్. షుగరు ఉందని దానికి భయపడేవాళ్లు చాలామంది. లీటరులో గ్లూకోజ్ 13.5 గ్రాములే. కూల్‌డ్రింకులో 100 గ్రాములు దాటుతుంది. పేగు ఉప్పును, నీటిని లోపలికి లాక్కోవాలంటే ఆ కాస్త గ్లూకోజ్ ఉండాల్సిందే. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్‌ను లీటరు సీల్డ్ బాటిల్‌లో మొత్తంగా పోసి కలపండి. గ్లాసుకి ఇంత అని చిటికెలు వేస్తే ఒకసారి ఉప్పు ఎక్కువై, ఒకసారి పనికిరాకుండా పోతుంది. విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో మొదలుపెట్టాలి. కలిపినది 24 గంటల తర్వాత పారబోయాలి. పండ్ల రసాల డబ్బాల మీద ‘ఓఆర్‌ఎస్’ అని రాసి అమ్మడాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆపించింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పోరాటం దాని వెనుక ఉంది. అయినా అట్టపెట్టె మీద ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా’ అని ఉందో లేదో చూసి, ఇక్కడి నుంచే అయిదారు ప్యాకెట్లు తీసుకెళ్లండి. దొరకనప్పుడు లీటరు నీటిలో గుట్టగా కాకుండా సమంగా నింపిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. కొబ్బరినీళ్లు దీనికి బదులు కావు. వాటిలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టాన్ వాడేవారికి అది ఇంకో తలనొప్పి.

విరేచనాలు ఆపే లోపెరమైడ్ బస్సు ప్రయాణం తప్పనప్పుడు మాత్రమే. మొదట 4 మి.గ్రా., తర్వాత పల్చటి విరేచనం అయిన ప్రతిసారీ 2 మి.గ్రా., రోజుకు 8 మి.గ్రా. మించకూడదు. జ్వరం గానీ, మలంలో రక్తం గానీ ఉంటే అసలు వేసుకోకూడదు. చిన్నపిల్లలకు ఇవ్వొద్దు.

101 డిగ్రీల జ్వరం, మలంలో రక్తం, బియ్యం కడుగులా ధారగా విరేచనాలు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, లేస్తే కళ్లు తిరగడం, తాగింది తాగినట్టు వాంతి కావడం... వీటిలో ఏ ఒక్కటున్నా హోటల్ గదిలో ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ అవసరమా, ఏది అన్నది అక్కడి డాక్టరు చూసి రాస్తారు.

బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు మీ వయసుకు సరిపడే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఏదో డాక్టరును అడిగి, ఇద్దరూ ఒక డోసు వేయించుకోండి. అదే రోజు మీ వారికి సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించి, ఆ రిపోర్టు ఫొటో మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. పరాయి ఊళ్లో డ్యూటీ డాక్టరు మొదట అడిగేది అదే.