పాద్రోన్ అమ్ముతామంటున్నారు, కొనుక్కోవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. మాస్టర్స్ కోసం 2025 సెప్టెంబరు 12న మాడ్రిడ్ వచ్చాను. కారబాంచెల్‌లో మన తెలుగాయన ఒకరు ఫ్లాట్ అద్దెకు తీసుకుని, గదులు మాలాంటి వాళ్లకు ఇస్తుంటారు. ‘అన్నా’ అని నమ్మి చేరాను. నెలకు 430 యూరోలు, అడ్వాన్స్ 860. కాగితం ఏమీ రాసుకోలేదు. అడ్వాన్స్ మా నాన్నగారు ఇండియా నుంచి ఆయన ఖాతాకే పంపారు. అద్దె మాత్రం నేను చేతికే ఇచ్చేవాణ్ణి. చలికాలంలో హీటర్ వేయనిచ్చేవారు కాదు. పోపు పెడితే వాసనని అరిచేవారు. మునిసిపాలిటీలో పాద్రోన్ నమోదుకు ఈ అడ్రస్ వాడొద్దని మొదటి రోజే చెప్పారు. అక్టోబరు 6న టీఐఈ (విదేశీయుల గుర్తింపు కార్డు) వేలిముద్రలకు వెళితే, పాద్రోన్ లేదని పోలీసు ఆఫీసులో తిప్పి పంపారు. జనవరి 31న గొడవై బయటికి వచ్చేశాను. ఇప్పుడు వయ్యేకాస్‌లో స్నేహితుడి హాల్లో ఉంటున్నాను. అడ్వాన్స్ అడిగితే ‘ఎక్కడికీ పోవులే తమ్ముడూ’ అని వాయిస్ మెసేజ్ పెడుతున్నారు. ఇంకొకాయన 250 యూరోలిస్తే ఎవరిదో అడ్రస్ మీద పది రోజుల్లో పాద్రోన్ చేయిస్తానంటున్నాడు. అమ్మ ఫోన్లో రోజూ ఏడుస్తోంది. ఆ అన్న మీద మనోవేదనకు కేసు వేయవచ్చా? నలుగురం కలిసి వెళ్లి డబ్బులు అడగవచ్చా? పాద్రోన్ కొనుక్కుంటే తప్పా?

జవాబు: మీరు పంపిన ఉత్తరం నాలుగు పేజీలు. పైన అచ్చయింది దాని సారాంశం మాత్రమే. మూడు పేజీల నిండా హీటర్, పోపు, అమ్మ కన్నీళ్లే ఉన్నాయి. నాకు పనికొచ్చిన వాక్యం ఒక్కటే, అదీ మీరు మాటవరసకు రాసింది: ‘ఇప్పుడు స్నేహితుడి హాల్లో ఉంటున్నాను.’ మీ చిక్కు విడిపోయేది అక్కడే.

పాద్రోన్ అంటే ఇంటి మీద హక్కు కాదు, అద్దె హక్కూ కాదు. ఈ ఊళ్లో, ఈ ఇంట్లో ఎవరు ఉంటున్నారో రాసుకునే మునిసిపల్ రిజిస్టరు. స్పెయిన్ స్థానిక పాలన చట్టం (1985 నాటి 7వ చట్టం) 15వ ఆర్టికల్ ప్రకారం, ఆ దేశంలో నివసించే ప్రతి మనిషీ తాను మామూలుగా ఉండే ఊళ్లో పేరు రాయించుకుని తీరాలి. ఇక్కడ ‘మామూలుగా ఉండే’ అన్న మాటే కీలకం. ఓనర్ ఒప్పుకున్నాడా, పాత ఇంటాయన తిట్టాడా అన్నవి ఆ రిజిస్టరుకు అక్కర్లేదు. ఈ రాత్రి మీరు పడుకునేది ఎక్కడన్నదే దానికి కావాలి.

ఉత్తరాన్ని బట్టి చూస్తే, మీరేమో ఇప్పటికీ కారబాంచెల్ అడ్రస్ మీద పాద్రోన్ ఇప్పించమని ఆ అన్న వెంట పడుతున్నారు. జనవరి 31న ఆ ఇల్లు వదిలేశాక ఆ అడ్రస్‌తో మీకు పనేముంది? ఆయన ఈరోజు మనసు మార్చుకుని సంతకం పెట్టినా అది అబద్ధపు నమోదే అవుతుంది. ఆ పోరాటం ఇక్కడితో ఆపండి.

ఆయన మొదటి రోజే పాద్రోన్ వద్దన్నది ఎందుకో మీకు ఇప్పటికీ తట్టినట్టు లేదు. అర్బన్ అద్దెల చట్టం (1994 నాటి 29వ చట్టం) 8వ ఆర్టికల్ ప్రకారం అద్దెకున్నవాడు ఇంట్లో కొంత భాగాన్ని వేరొకరికి అద్దెకివ్వాలంటే ఓనర్ రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. బహుశా ఆయన దగ్గర అది లేదు. రిజిస్టరులో ఐదుగురి పేర్లు ఎక్కితే గుట్టు బయటపడుతుంది. మీరు దాన్ని మీ మీద కోపం అనుకుని ఇన్ని నెలలు బాధపడ్డారు.

ఇక 250 యూరోల సంగతి. వద్దు. ఎందుకు వద్దో లెక్క చెబుతాను. విదేశీయుల చట్టం (2000 నాటి 4వ ఆర్గానిక్ చట్టం) 52వ ఆర్టికల్‌లో, అడ్రస్ మారిన సంగతి ఆలస్యంగా చెప్పడం చిన్న తప్పుల జాబితాలో ఉంది. దానికి 500 యూరోల వరకు జరిమానా. అదే చట్టం 53వ ఆర్టికల్‌లో, పాద్రోన్ నమోదుకు అబద్ధపు వివరాలు ఇవ్వడం తీవ్రమైన తప్పుల్లో ఉంది. దానికి 501 నుంచి 10,000 యూరోల దాకా. అంతటితో పోదు. 57వ ఆర్టికల్ కింద ఈ రకం తప్పుకు జరిమానా బదులు దేశం నుంచి పంపించేయవచ్చు, పంపితే మళ్లీ రావడానికి నిషేధమూ పడుతుంది. ఆలస్యమైన వాడికీ అబద్ధమాడిన వాడికీ చట్టం ఇంత తేడా చూపిస్తుంటే, ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి డబ్బిచ్చి అబద్ధం కొనుక్కుంటానంటారేమిటి? తన ఇంట్లో ఉండని మనిషి పేరు ఆ ఇంటి మీద ఎక్కనిచ్చిన వాడికి కూడా అదే 53వ ఆర్టికల్ వర్తిస్తుంది. అడ్రస్ అమ్మేవాడు ఆ మాట మీకు చెప్పడు. ఒకే ఇంటి మీద పదిహేనుమంది పేర్లు కనిపించిన రోజు తనిఖీకి వచ్చేది అతని దగ్గరికి మాత్రమే కాదు. దొంగ అద్దె కాగితం కూడా తయారు చేసి పెడతానంటే, అక్కడి నుంచి అది క్రిమినల్ వ్యవహారం.

సరైన దారి మీరు పడుకునే హాల్లోనే ఉంది. మీ స్నేహితుడి పేరు మీద అద్దె ఒప్పందం ఉందా, ఆయన ఆ ఇంట్లో నమోదై ఉన్నారా అడగండి. ఉంటే, నమోదు ఫారంలో ‘ఇతను మా ఇంట్లో ఉంటున్నాడు, నాకు అభ్యంతరం లేదు’ అని ఆయన సంతకం చేస్తే చాలు. ఆ ఫారం, ఆయన ఒప్పందం కాపీ, మీ పాస్‌పోర్టు పట్టుకుని లీనియా మాడ్రిడ్ (మునిసిపాలిటీ పౌర సేవల) ఆఫీసుకు వెళ్లండి. అపాయింట్‌మెంట్ 010 నంబరుకు ఫోన్ చేసి తీసుకోవచ్చు. అపాయింట్‌మెంట్‌ను స్పానిష్‌లో ‘cita’ అంటారు, అక్కడ మన పిల్లలకు అది ‘సీతా’. హనుమంతుడికి లంకలో సీత దొరికినంత తేలిగ్గా కూడా ఈ సీత దొరకడం లేదని మొన్న ఒకబ్బాయి వాపోయాడు. పొద్దున్నే ప్రయత్నించండి, వేరే పేటలోని ఆఫీసులోనూ వెతకండి.

స్నేహితుడు ఓనర్‌కు భయపడి సంతకం పెట్టనంటే? అప్పుడూ తలుపు మూసుకుపోదు. చూపించడానికి కాగితం లేకపోయినా, ఆ మనిషి నిజంగా అక్కడ ఉంటున్నాడో లేదో మునిసిపాలిటీ తానే విచారించి నమోదు చేయవచ్చు. స్థానిక పోలీసుల నివేదిక తెప్పించుకోవచ్చు, మనిషిని పంపి చూడవచ్చు. 2020 ఫిబ్రవరి 17 నాటి స్పెయిన్ ప్రభుత్వ ఉత్తర్వుల్లో పాద్రోన్ నిర్వహణ గురించి ఇదంతా ఉంది. కాబట్టి కౌంటర్లో ‘కుదరదు’ అంటే నోటిమాటతో వెనక్కి రాకండి. దరఖాస్తు ఇచ్చి, దాని మీద తేదీ ముద్ర వేయించుకోండి.

ఇక టీఐఈ సంగతి. ఆరు నెలలకు మించి ఉండే విద్యార్థి దేశంలో అడుగుపెట్టిన నెలలోపు టీఐఈకి దరఖాస్తు చేయాలి. మీరు అక్టోబరు 6న వెళ్లారు, అంటే గడువులోపే. మంచిదే. మరి ఆ రోజు అపాయింట్‌మెంట్ స్లిప్పు ఏది? ఫీజు కట్టిన 790-012 రసీదు ఏది? ఈ రెండింటి గురించి నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు. పోపు వాసన గురించి పదకొండు వాక్యాలున్నాయి. స్లిప్పు ఈమెయిల్‌కు వచ్చి ఉంటుంది, వెతికి ప్రింటు తీయండి. పాద్రోన్ చేతికి రాగానే మళ్లీ సీత కోసం వెళ్లేటప్పుడు, ‘నేను గడువులోనే వచ్చాను, మీరే తిప్పి పంపారు’ అని చెప్పడానికి అదొక్కటే ఆధారం. తిప్పి పంపిన రోజే ఏదో ఒకటి రాయించుకుని ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

ఇప్పుడు అడ్వాన్స్. మీ నాన్నగారు అరెకరం కౌలుకిచ్చినా కాగితం రాయించుకుంటారు గదా, మీరు 860 యూరోలు కాగితం లేకుండా ఎలా ఇచ్చారు? ‘అన్నా’ అన్న పిలుపు అగ్రిమెంటు కాదు. సరే, అదృష్టం కొద్దీ నోటి ఒప్పందం కూడా అక్కడ చెల్లుతుంది. ఒప్పందం ఉందని రుజువు చేయడమే మిగిలింది. ఆ రుజువు మీ దగ్గర లేదు, తెనాలిలో ఉంది. మీ నాన్నగారు డబ్బు పంపినప్పుడు బ్యాంకులో ఫారం ఎ2 మీద సంతకం పెట్టి ఉంటారు, దేనికోసం పంపుతున్నదీ రాసి ఉంటారు. ఆ కాపీ, డబ్బు అవతలి ఖాతాకు పంపినట్టు స్విఫ్ట్ కాపీ రేపే బ్యాంకుకు వెళ్లి తీసుకోమనండి. తీసుకున్నది ఎవరన్నది అక్కడ పేరుతో సహా ఉంటుంది. అందుకే మీ దావా ఆ అన్న మీదే, ఫ్లాట్ ఓనర్ మీద కాదు. చేతికిచ్చిన అద్దెలకు దిక్కు లేదు. ఇకమీదట ఎవరికిచ్చినా బిజమ్‌లో (ఫోన్ నుంచి డబ్బు పంపే స్పెయిన్ సదుపాయం), ‘గది అద్దె, ఫలానా నెల’ అని రాసి పంపండి.

గడువు గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సింది అదే. ఇలాంటి బాకీకి స్పెయిన్ సివిల్ కోడ్ 1964వ ఆర్టికల్ కింద ఐదేళ్లు. ఆ లెక్కన 2031 దాకా ఉంది. పైగా 1973వ ఆర్టికల్ ప్రకారం అవతలివాడు బాకీ ఉందని ఒప్పుకుంటే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ‘ఎక్కడికీ పోవులే తమ్ముడూ’ అన్న ఆ వాయిస్ మెసేజ్ మీకు ఒళ్లుమంట తెప్పిస్తోంది, నాకు మాత్రం ముచ్చటేసింది. బాకీ లేదన్నవాడు అలా అనడు. కాకపోతే చట్టం ఐదేళ్లిచ్చినా మీ వీసాకు అంత ఆయుష్షు లేదు, ఆయన ఆ ఫ్లాట్‌లో అంతకాలం ఉంటాడనీ లేదు.

ఆ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి చాట్ చెరిపేయకండి. మెసేజింగ్ సంభాషణల్లో మార్పులు చేయడం తేలికనీ, అవతలివాడు కాదంటే అసలైనవని నిరూపించే భారం వాటిని చూపించిన వాడిదేననీ 2015 మే 19న స్పెయిన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్ మార్చకండి, అసలు చాట్ ఫోన్‌లోనే ఉండాలి. మాటలు తెలుగులో ఉన్నాయి కాబట్టి స్పానిష్ అనువాదం జత చేయాలి. మొదట మీకు తెలిసినవాళ్లు చేసినా సరిపోతుంది, అవతలివాడు తప్పుబడితేనే అధికారిక అనువాదం కావాలి. ఇంకో మాట: జనవరి 31న తాళం చెవి ఎవరి చేతికిచ్చారు? రాయలేదు. తాళం అప్పగించిన తేదీ లేకపోతే, ఫిబ్రవరి అద్దె కూడా బాకీ అని ఆయన అడ్డం తిరుగుతాడు. ‘31న తాళం మీకిచ్చాను కదా అన్నా’ అని ఈరోజే మర్యాదగా మెసేజ్ పెట్టి, జవాబు రాబట్టండి.

నలుగురు కలిసి వెళ్లడం మానుకోండి. అక్కడ గొంతు పెరిగితే బాకీ కేసు కాస్తా బెదిరింపు కేసవుతుంది, అప్పుడు ఫిర్యాది ఆయన, ముద్దాయి మీరు. ‘డబ్బివ్వకపోతే ఓనర్‌కు చెప్తా’ అని రాయడం కూడా ఆ బాపతే. మనోవేదన దావా ఊసు ఎత్తకండి. హీటర్ వేయనివ్వలేదని డాక్టరు చీటీ లేదు, కరెంటు బిల్లు లేదు, సాక్షి లేడు.

2,000 యూరోల లోపు సివిల్ దావాకు స్పెయిన్‌లో లాయరు, ప్రొకురదోర్ (కోర్టులో మీ తరఫున కాగితాలు దాఖలు చేసే ప్రతినిధి) తప్పనిసరి కాదు, మీరే వేసుకోవచ్చు. కానీ 2025 ఏప్రిల్ 3 నుంచి, ముందు రాజీకి ప్రయత్నించినట్టు చూపించకుండా దావా తీసుకోరు. అందుకు కొర్రెయోస్ పోస్టాఫీసు నుంచి బురోఫాక్స్ (కోర్టులో రుజువుగా పనికొచ్చే రిజిస్టర్డ్ ఉత్తరం) పంపండి. అందినట్టు రసీదు, లోపల ఏం రాశారో ధ్రువీకరణ, ఈ రెండూ అడిగి తీసుకోండి. అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే కోర్టుకు వెళ్లవచ్చు. అందులో హీటర్ గురించి గానీ, అమ్మ గురించి గానీ ఒక్క అక్షరం రాయొద్దు. ఇంతే రాయండి: ‘2025 సెప్టెంబరు నుంచి 2026 జనవరి 31 వరకు మీ ఫ్లాట్‌లో గదిలో ఉన్నాను. అడ్వాన్స్ కింద 860 యూరోలు మా నాన్నగారి ఖాతా నుంచి మీ ఖాతాకు వచ్చాయి, కాపీ జత చేశాను. జనవరి 31న తాళం అప్పగించాను. ఆ మొత్తాన్ని 15 రోజుల్లో కింది ఖాతాకు పంపండి, ఏవైనా కోతలుంటే బిల్లులతో సహా చూపండి, మాట్లాడుకుందాం.’