నుదుటి మీద గట్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల నాలుగో భాగమూ, దానితో పంపిన ఉత్తరమూ చదివాను. మొదటి భాగంలో నౌక నిండా మీటలూ బొత్తాలూ ఉండేవి, ఇప్పుడు అన్నీ గాజు పలకలయ్యాయేమని పాఠకులు నిలదీస్తున్నారని బెంగపడ్డావు. వాళ్లకి జవాబుగా ఇంజనీరు చేత రెండు పేజీల మరమ్మతు చరిత్ర చెప్పించావు. ఆ రెండు పేజీలూ కొట్టెయ్. ఎందుకంటావా? మనిద్దరికీ ఇష్టమైన అంతరిక్ష కథల టీవీ సిరీస్ స్టార్ ట్రెక్‌లో, క్లింగాన్లనే పరగ్రహ యోధజాతి సంగతే చూడు.

1967లో వాళ్లు మొదటిసారి కనిపించినప్పుడు ముఖానికి ముదురు రంగు, మీసాలు, అంతే. అప్పటి టీవీ బడ్జెట్‌కి అదే ఎక్కువ. 1979 సినిమాకి డబ్బు సమకూరింది, నుదుటి మీద ఎముకల గట్లు లేచాయి. కథలో ఎవరూ దాని ఊసెత్తలేదు. 1994లో డీప్ స్పేస్ నైన్ అనే తర్వాతి స్టార్ ట్రెక్ సిరీస్‌లోకి కోర్, కాంగ్, కోలోత్ అనే పాత క్లింగాన్లు ముగ్గురూ ముసలివాళ్లై తిరిగొచ్చారు. అరవైలలో ఆ వేషాలు కట్టిన నటులే. పాత్రలు అవే, పొగరు అదే, నుదుళ్లు మాత్రం కొత్తవి. అప్పుడూ కథలో ఎవరూ నోరెత్తలేదు, కథకి వచ్చిన లోటూ లేదు.

మన పద్యనాటకాల్లో ఒకటో కృష్ణుడు వెళ్లి రెండో కృష్ణుడు రావడం జనానికి అలవాటే. పొట్టివాడి స్థానంలో పొడుగువాడు వచ్చినా అందరి చెవులూ పద్యం మీదే ఉంటాయి. కానీ ఆ రెండో ఆయన రాగానే ‘ఇందాకటికంటే పొడుగయ్యానేమిటి?’ అని అర్జునుణ్ణి అడిగాడనుకో, ఇక రాయబారం ఎవరి చెవికెక్కుతుంది?

1996లో డీప్ స్పేస్ నైన్ వాళ్లు అదే పని చేశారు. స్టార్ ట్రెక్ ముప్పయ్యేళ్ల పండగ సందర్భంగా తమ పాత్రల్ని కాలంలో వెనక్కి, పాత ఎపిసోడ్ దృశ్యాల్లోకే పంపారు. అక్కడ నున్నటి నుదుళ్ల క్లింగాన్లను చూసి తోటివాళ్లు తమలో ఒకడైన క్లింగాన్ వోర్ఫ్ వైపు తిరుగుతారు. జన్యు మార్పా, వైరస్సా అని ఆరా తీస్తారు. వోర్ఫ్ ముఖం గంటు పెట్టుకుని, ఆ విషయం మేం బయటివాళ్లతో మాట్లాడుకోం అంటాడు. గొప్ప హాస్యం, ఇప్పటికీ నవ్వొస్తుంది. అయితే అప్పటిదాకా మేకప్ గదికి చెందిన తేడా ఆ క్షణంతో కథలోకి వచ్చి కూర్చుంది. అది అప్పు. 2005లో ఎంటర్‌ప్రైజ్ సిరీస్ రెండు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి ఆ అప్పు తీర్చింది: మెరుగుపరచిన మానవ జన్యువులతో క్లింగాన్లు చేసిన ప్రయోగం వికటించి, వైరస్సై పాకి, గట్లను కరిగించిందట. తెలివైన అల్లికే. కానీ వోర్ఫ్ మౌనంలో ఉన్న రుచి అందులో లేదు.

అలాగని అభిమానుల గొడవ చాదస్తమని తీసిపారెయ్యకు. 2017లో డిస్కవరీ అనే కొత్త స్టార్ ట్రెక్ సిరీస్ మొదలైంది. పాత సిరీస్‌కి పదేళ్ల ముందు జరిగే కథ, చూడటానికి మాత్రం దానికంటే ఎంతో ఆధునికం. కాలం మారితే సెట్లూ మారతాయని ఒక వర్గం సర్దుకుంది. రెండో వర్గం 1992నాటి ఎపిసోడ్ తీసింది: పాత సిరీస్‌లో ఇంజనీరైన స్కాటీ ముసలివాడై వస్తే, అతని కోసం పాత నౌకను నడిపే గదిని రంగు బొత్తాలతో సహా ఉన్నదున్నట్టు కట్టి చూపించారు కదా, మరి కథలో అది నిజమే కదా అంది. బలమైన వాదన, నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఇక డిస్కవరీలో జుట్టు లేని క్లింగాన్ల మీద నా ఫిర్యాదు వేరు. అంత మందపు మేకప్ కింద నటుల ముఖాల్లో కోపమో దిగులో తెలిసేది కాదు. 2019కి జుట్టు మొలిచింది. ఆ తర్వాత వచ్చిన స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ సిరీస్‌లో తొంభైలనాటి గట్లే తిరిగొచ్చాయి, సంజాయిషీ ఏమీ లేకుండా. హాయిగా ఉంది.

నీ నౌకలో ఇంతవరకూ ఎవరూ ఆ గాజు పలకల వంక చూసి ఆశ్చర్యపోలేదు. నీ ఇంజనీరు నోరు తెరిస్తేనే అప్పు మొదలవుతుంది.

నీ పాఠకులు పట్టుకోని తప్పు ఒకటుంది. రెండో భాగంలో పేలుడు తర్వాత కెప్టెన్‌కి ఎడమ చెవి పోయింది. తమ్ముడి కేక వినపడకపోవడానికి కారణం అదే, ఆ దుఃఖంతోనే మూడో భాగమంతా నడిపావు. ఇప్పుడు సంధి చర్చల్లో ఎడమ పక్కన కూర్చున్న దూత గుసగుసగా చెప్పింది విని ఆమె నవ్వుతోంది! ఆ చెవిని నువ్వు మరిచిపోతే తమ్ముడి చావు కూడా తేలిపోతుంది. దూతని కుడి పక్కకి జరిపితే ఒక్క వాక్యంతో పనైపోతుంది. అలా చెయ్యకు. అతన్ని అక్కడే కూర్చోబెట్టి, ఆ మాట ఆమెకి వినపడకుండా చేసి రాయి. వినపడని మాటకి తలూపితే ఆ సంధి ఎటు తిరుగుతుందో నాకూ చూడాలని ఉంది. ఆ అధ్యాయం రాగానే పంపు.

నీ శ్రేయోభిలాషి